తువ్వాలు కింద రెండో చేయి

"అన్నా, సాయిబు మామ పోయినాడు. ఇయ్యాల మార్కెట్ మూత. కాయలు కోయించబాకన్నా."

శుక్రవారం పొద్దున్నే మార్కెట్ కుర్రాడి ఫోనులో ఈ కబురు వచ్చేసరికి కూలీలు సగం తోట కోసేశారు. కోసిన కాయల కుప్ప పక్కనే కూర్చుని ఏడ్చాను. మామే ఉంటే, "ఏడ్చేదేదో కాయలు నీడలో పోసి ఏడువు అల్లుడా" అనేవారు.

గూడూరులో ఆయనది రైతుల దగ్గర నిమ్మకాయలు కొనే కొట్టు. ఆయన ముస్లిం, మేము హిందువులం, చుట్టరికమేమీ లేదు. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. నాన్న పోయాక నాకు బేరం నేర్పింది కూడా ఆయనే, అదీ తనతోనే గట్టిగా ఆడేలా!

మా దగ్గర ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని చెబుతారు. పక్కవాళ్ళకు తెలియకుండా ఉండటానికి అదొక పాత పద్ధతి. వేళ్ళు బేరమాడుతుంటే మామ నోరు మాత్రం కోడలు పెట్టిన చేపల పులుసు గురించి చెబుతూ ఉండేది. ధర నచ్చక నేను మొహం మాడ్చుకుంటే, "కాయ పుల్లగుండాల, మొహం కాదు" అనేవారు.

రెండేళ్ళ కిందట ఆన్‌లైన్లో ఒక వార్తల వీడియో వచ్చింది. వెనక డప్పుల మోత. మామ టోపీ చుట్టూ, గడ్డం చుట్టూ ఎర్ర గీతలు, తువ్వాలు మీదికి బాణం. "గుడ్డ చాటున ఏం జరుగుతోంది? ఈ సంకేతాలు ఎవరికి?" అని ఒక గొంతు అరుస్తోంది. ఆ గుడ్డ చాటున ఉన్న రెండో చేయి నాది. బొట్టు పెట్టుకున్న నా మొహాన్ని మాత్రం శుభ్రంగా కత్తిరించేశారు.

"నా పెళ్ళికి గూడా ఇన్ని డప్పులు కొట్టలేదురా" అని మామ అందరినీ నవ్వించారు. కానీ అది నవ్వుతో పోయేది కాదు. కొందరు రైతులు ఆయన కొట్టు దాకా వచ్చి, బండి పక్క కొట్టుకు తిప్పారు. మామ తువ్వాలు మేకుకు తగిలించి, ధరలు పైకే చెప్పసాగారు. ఇక చూడండి! ఒకడి ధర ఇంకొకడు విని "నాకు తక్కువేంది?" అని పోట్లాట. మధ్యాహ్నానికి కొట్టు చేపల మార్కెట్ అయింది.

నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి అందరి ముందూ చేయి చాపాను.

"గుడ్డ వెయ్యి మామా."

"వద్దులే అల్లుడా. నువ్వు గూడా వీడియోలో పడతావు."

"పడాలనే వచ్చినా. తీసేవాడు ఈసారి ఇద్దరినీ తియ్యాల."

ఆయన కళ్ళు తడిశాయి. మేకు మీది తువ్వాలు తీసి కప్పారు. వేళ్ళు పట్టుకుని ఎప్పటికన్నా తక్కువ ధర చెప్పారు! అభిమానం అభిమానమే, బేరం బేరమే. నా వెనక ఇంకొకరు చేయి చాపారు. ఆ వారమంతా బండ్లు ఒక్కొక్కటే మామ కొట్టుకు తిరిగొచ్చాయి.

వీడియో తీసేయమని నేను ఆ వార్తలవాళ్ళకు రాస్తే ఇంతవరకు జవాబు లేదు. "ఉండనీలే, తువ్వాలు బాగా పడింది గదా" అనేవారు మామ. నాకు మాత్రం ఆ కోపం ఇంకా పోలేదు.

సోమవారం కొట్టు తెరిచారు. ఆయన కొడుకు నన్ను చూసి లేచాడు. మేకు మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పి, కింద నా వేళ్ళు పట్టుకున్నాడు. ఏ ధరా చెప్పలేదు. నేనూ అడగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు, మార్కెట్ మర్యాద ప్రకారం, ఎటో చూస్తూ నిలబడ్డారు. మా బేరం చాలాసేపు సాగింది.