ఇసుకలో నిలువు గీత

ఆ ప్రయాణంలో పోయినవి ముందు చెబుతాను. ఇద్దరి సెలవులు కలిపి నాలుగు రోజులు. గాలికి ఎగిరిపోయిన టోపీ ఒకటి. ఇసుకలో పడి మళ్ళీ దొరకని బ్రష్‌లు రెండు. చివరి రోజు పొద్దున్న నలభై నిమిషాలు. మొదటి మూడూ ఎవరికైనా పోతాయి. ఆ నలభై నిమిషాలు మాత్రం నేను చేతులారా పోగొట్టినవి.

నాకు బొమ్మలు వెయ్యడం ఎవరూ నేర్పలేదు. మేముండే అల్ఫారెట్టాలో పగలంతా ఆఫీస్ స్క్రీన్ ముందు కూర్చుని, ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుని నేర్చుకున్నాను. సినిమాలో ఎడారి వస్తే పాజ్ చేసి, తెర మీద స్కేలు పెట్టి కొలిచేవాణ్ణి. ఆకాశం ఎన్ని అంగుళాలు, ఇసుక ఎన్ని, మధ్యలో నడిచే మనిషి ఎంత. నాకు నచ్చిన ఫ్రేముల్లో మనిషి ఎత్తు తెరలో నలభయ్యో వంతుకు మించదు. నోట్‌బుక్ నిండా ఇవే అంకెలు. అవి చూసి నా భార్య, "సినిమా చూస్తున్నారా, ఇంటికి ప్లాన్ గీస్తున్నారా?" అనేది.

ఒక థాంక్స్‌గివింగ్ పండగ సెలవులకి ఆ నోట్‌బుక్ పట్టుకుని న్యూ మెక్సికోలోని తెల్ల ఇసుక దిబ్బలకు వెళ్ళాం. ఆమెకు ఎడారి మీద మోజేమీ లేదు. ఎక్కడైనా సరే, నాలుగు రోజులు ఊరికే కూర్చుంటే చాలంది. ఒక్కటే అడిగింది. "అక్కడ నా బొమ్మ ఒకటి వెయ్యండి. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఇంట్లో ఇన్ని బొమ్మలున్నాయి, నాది ఒక్కటీ లేదు."

సరేనన్నాను.

సినిమాల్లో పసుపుగా చూసిన ఇసుక అక్కడ తెల్లగా ఉంది, నీడలు నీలంగా ఉన్నాయి. ఇంటి దగ్గర కలిపి తెచ్చుకున్న రంగులు పనికిరాలేదు. ఇక మిగిలింది కొలత ఒక్కటే. దిబ్బ ఎంత పెద్దదో తెలియాలంటే దాని మీద మనిషి ఉండాలి. మెరూన్ శాలువా కప్పుకుని మూడు వందల అడుగులు నడిచి నిలబడమన్నాను. నేను ఎడమ చెయ్యి ఎత్తితే ఆగాలి, కుడి చెయ్యి ఎత్తితే ఇంకా వెళ్ళాలి. ఒక్కో స్కెచ్‌కి పాతిక నిమిషాలు. మూడు రోజుల్లో పదమూడు వేశాను.

మూడో రోజు సాయంత్రం కారు దగ్గర నోట్‌బుక్ తెరిచి చూసింది.

"ఈ నిలువు గీత నేనా?"

"దూరం తెలియడానికి."

"దానికి కర్ర పాతినా సరిపోయేది. కర్రకి మోకాళ్ళ నొప్పులు కూడా ఉండవు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మీరు చూసే సినిమాల్లో హీరోయిన్‌కి ఒక్క క్లోజప్ అయినా ఉంటుంది కదండీ. రేపు పొద్దున్న నా మొహం వెయ్యండి, చాలు."

మర్నాడు ఫ్లైట్ ఎల్ పాసో నుంచి. దిబ్బల దగ్గర మాకున్నవి నలభై నిమిషాలు. ఆమె తల దువ్వుకుని, బొట్టు సరిచేసుకుని, మడత కుర్చీలో వెలుగుకి ఎదురుగా కూర్చుంది. పెన్సిల్ తీశాను. అప్పుడే ఆమె వెనకాల దిబ్బ మీదికి ఎండ పాకి, సగం తెలుపు, సగం నీలం అయింది. నెలల తరబడి పాజ్ చేసి చూసిన ఫ్రేము.

"ఇదొక్కటీ అయ్యాక నీది," అన్నాను.

"ఎన్ని అడుగులు?" అని మాత్రం అడిగి, శాలువా తీసుకుని లేచింది.

అది పూర్తయ్యేసరికి బయల్దేరే టైమైంది. కారులో ఎల్ పాసో దాకా ఆమె కళ్ళు తెరవలేదు. నిద్రపోలేదని నాకు తెలుసు.

ఆ పద్నాలుగో స్కెచ్చే నా అన్ని బొమ్మల్లోకీ మంచిదైంది. పెద్దది చేసి హాల్లో పెట్టాను. భోజనానికి వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగేవారు. ఒకసారి స్నేహితుడి కూతురు వేలు పెట్టి చూపించి, "ఆంటీ, హూ ఈజ్ దట్?" అని అడిగింది. నా భార్య పప్పు వడ్డిస్తూ, "ఎవరో దారి తప్పిన మనిషమ్మా," అంది.

ఇప్పుడు శనివారాలు ఆమెను కూర్చోమని నేనే అడుగుతున్నాను. కాదనదు. వారమంతా పనిచేసిన ఒళ్ళు, పది నిమిషాల్లో కునుకు పడుతుంది. కళ్ళ మధ్య దూరం, ముక్కు పొడవు, గడ్డం వంపు అన్నీ కొలుస్తాను. అన్నీ సరిపోతాయి. మొహం మాత్రం ఆమెది కాదు. లేచాక ఒకసారి చూసి, "కొలతలు బాగున్నాయి," అని లోపలికి వెళ్ళిపోతుంది.

ఇప్పటికి అలా పదిహేడు మొహాలు వేశాను. ఆమె అడిగింది ఒకటి. ఆ ఒకటీ ఇంకా ఇవ్వాలి.