చిన్న గది, మధ్యరకం హాలు, పెద్ద మైదానం: మా కోడలి డ్రమ్ములు విన్న రోజు

ముందుగా క్షమించండి. నా చేతిరాత బాగోదు, అక్షరాల తప్పులూ ఎక్కువే. మా ఊళ్ళో బడి అయిదో తరగతి దాకానే ఉండేది. కాగితం మీద రాసిస్తే మా కోడలు పావని కంప్యూటర్లో ఎక్కిస్తానంది. "ఒక్క మాట కూడా మార్చనండి మావయ్యగారూ" అంది. కాబట్టి తప్పులన్నీ నావే. రాక్ సంగీతం కచేరీకి వెళ్ళాలనుకునే నా వయసు వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. ఒకే రోజు మూడు చూశాను. ఇంకా తేరుకోలేదు.

ఆ ఆదివారం మా అబ్బాయికి స్టీలు ప్లాంటులో పొద్దుటి షిఫ్టు పడింది. పావని రెండు బరువైన సంచులతో బయలుదేరుతుంటే, ఒక్కతే ఎలా మోస్తుందని ఒకటి నేను పట్టుకున్నాను. లోపల ఇత్తడి పళ్ళేలు ఉన్నాయి. డ్రమ్ముల తాళాలట. ఆ పిల్ల మా ఇంటికి వచ్చి రెండేళ్ళు. కాకినాడ వైపు పిల్ల, బడిలో లెక్కలు చెబుతుంది. ఇంట్లో గిన్నె కింద పెట్టినా చప్పుడు కాదు. రోజూ సాయంత్రం ఆమె గదిలోంచి ధబధబమని వినబడితే తలగడలు దులుపుతోందనుకునేవాణ్ణి. ఎంత శుభ్రమో అని మెచ్చుకున్నాను కూడా. పుల్లలతో తలగడ మీద సాధన చేస్తోందని ఆ రోజు కూర్మన్నపాలెం బస్టాపులో తెలిసింది. ఓ బ్యాండులో డ్రమ్ములు వాయించే అతను ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడట. "ఈ మూడు చోట్లా సరిగ్గా వాయిస్తే నన్ను ఉంచుకుంటారండి. లేకపోతే ఇంకో అబ్బాయి సిద్ధంగా ఉన్నాడు" అంది. 

ఎనిమిదిన్నరకి బస్సెక్కి ఎన్.ఏ.డి. దగ్గర దిగి, గోపాలపట్నం వైపు ఆటో మాట్లాడుకున్నాం. ఎనభై రూపాయలు. డ్రైవరుది నా వయసే. గతుకు వచ్చినప్పుడల్లా సంచి మోగుతోంది.

"ఏటి బావా, ఆ మోత?" అన్నాడు.

"మా కోడలి డ్రమ్ములు" అన్నాను.

"మా కోడలు నోటితోనే వాయించేత్తాది బావా, సంచీ కూడా అక్కర్నేదు!"

వెనక పావని పకపకా నవ్వింది. ఆమె నవ్వు వినడం కూడా అదే మొదటిసారి.

మొదటిది కాఫీ హోటలు మీద మేడ గది. నిటారు మెట్లు, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ఆలోచించుకోండి. టిక్కెట్టు లేదు గానీ కాఫీ నూట నలభై. నలభై మంది పట్టారు. డ్రమ్ములకీ నాకూ మధ్య రెండు మూరల దూరం. పదిన్నరకి మొదలైంది. పావని పుల్లలు ఎత్తింది. తరవాత ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. నా పక్కటెముకలు అదిరాయి. కప్పులో కాఫీ వణికింది. చీర కుచ్చిళ్ళు సర్దుకోవడానికి కూడా తలుపు వేసుకునే పిల్ల, జుట్టు ఊడిపోయి, పళ్ళు బిగించి, ఆ తోళ్ళని కొడుతోంది. నేను నోరు తెరిచి కూర్చున్నాను. చిన్న చోట మంచి ఏమిటంటే వాయించేవాళ్ళు ఒకరికొకరు వినబడతారు. చెడు ఏమిటంటే చెవి నొప్పెడితే పక్కకి జరగడానికి చోటుండదు.

రెండోది సిరిపురంలో ఆడిటోరియం, రెండు గంటలకి. టిక్కెట్టు రెండు వందలు. మెత్తటి కుర్చీలు, చల్లగా ఏసీ. ముసలివాళ్ళకి ఇదే హాయి. కానీ వెనక వరసలో కూర్చోకండి. ప్రతి దెబ్బా వెనక గోడకి తగిలి రెండోసారి వస్తుంది. నేను మధ్య వరసకి మారాక సరిపోయింది. పాట అవగానే జనం లేచి నిలబడి కేకలు. ఆ కేకలు మా కోడలికా అని చుట్టూ చూశాను. ఆమెకే.

మూడో చోటికి, ఆనందపురం వెళ్ళే బస్సులో మాత్రం ఆమె ముఖం వాడిపోయింది. "పెద్ద మైదానం అంటే భయమండి. కింద మీకు మోత వినబడుతుంది గానీ, స్టేజీ మీద మాకు మా పాట వినబడదు. పక్కన ఒక స్పీకరు పెట్టె పెడతారు. అది మోగితేనే మాకు తాళం కుదురుతుంది." ఇంత మోత చేసేవాళ్ళకి ఆ మోత వినబడదా! ఆ రోజంతటిలో నన్ను ఎక్కువ నివ్వెరపరిచింది అదే.

"పోర్టులో అంత రొదలో మీకు మాట ఎలా వినబడేదండీ?" అని అడిగింది.

నేను ముప్ఫై ఏళ్ళు పోర్టులో సిగ్నలు మనిషిని. ఓడ లోపల సరుకు క్రేన్ డ్రైవరుకి కనబడదు. పైన నిలబడి నేను చెయ్యి చూపిస్తే దాన్నిబట్టే ఎత్తుతాడు, దించుతాడు. "మాటెవుడికి కావాలమ్మా? సెవులు వొదిలీసి సేతులు సూసీవోళ్ళం" అన్నాను. వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. అరచెయ్యి అడ్డంగా చాస్తే ఆపమని. ఆమె బస్సులోనే చేసి చూసింది. రెండేళ్ళలో మేము మాట్లాడుకున్నది అంతా కలిపినా ఆ గంటంత లేదు.

మైదానం దగ్గర టిక్కెట్టు అయిదు వందలు, నీళ్ళ సీసా నలభై. గేటు నుంచి చాలా దూరం నడవాలి, కుర్చీలు లేవు. జనం మధ్యలో మోత సర్దే సౌండ్ టేబుల్ దగ్గర కుర్రవాడు జాలిపడి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చాడు. అయిదున్నరకి వీళ్ళ బ్యాండే మొదటిది. మొదటి పాట బాగా వచ్చింది. రెండో పాట మధ్యలో డ్రమ్ములు ఒక దారి, గిటారు ఒక దారి అయ్యాయి. పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. పావని పక్కనున్న పెట్టెకేసి గడ్డం చూపిస్తూ తల ఊపుతోంది. రెండు చేతులూ పనిలో ఉన్నాయి, ఎవరిని పిలుస్తుంది? స్టేజీ మీద మనిషి ఏదో తీగ దగ్గర వంగి ఉన్నాడు.

నేను కుర్రవాడి భుజం తట్టి అరిచాను. "బాబూ, డ్రమ్ముల కాడ పెట్టి మోగట్నేదు! లేపు!"

"ఎంత లేపాల తాతా?" అని వాడూ అరిచాడు. ఆ తరవాత వాడి మాట నాకు, నా మాట వాడికి వినబడలేదు.

పెళ్ళిలో కూడా స్తంభం వెనక నిలబడే మనిషిని నేను. అంత జనంలో కుర్చీ ఎక్కాను. చెయ్యి పైకెత్తాను. పావని చూసింది. గడ్డం పైకెత్తింది. నేను వేలు తిప్పాను. కుర్రవాడు నా వేలు చూసి మీట జరిపాడు. ఆమె గడ్డం ఇంకా పైకే ఉంది. ఇంకా తిప్పాను. గడ్డం దిగింది. అరచెయ్యి చాచాను. వాడు ఆపాడు. రెండు దెబ్బల్లో డ్రమ్ములూ గిటారూ ఒక దారికి వచ్చాయి. కుర్రవాడు నా చెయ్యి పట్టుకుని దింపాడు.

"ఏ కాలేజీలో నేర్సినావు తాతా ఈ పని?"

"పోర్టులో" అన్నాను.

ఏడింటికి బయట బజ్జీల బండి దగ్గర పాడే అమ్మాయి వచ్చి పావని వీపు తట్టింది. "వచ్చే శనివారం నుంచి రిహార్సల్స్. తాతగారిని కూడా తీసుకురా" అంది. పావని నాకేసి తిరిగింది. వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పింది. 

ఇంట్లో ఇప్పుడు ధబధబ వినబడితే వంటగదిలోంచి నేను టీ గ్లాసు మీద వేళ్ళతో తాళం వేస్తున్నాను. ఒకే కప్పు కింద రెండేళ్ళు ఉండి ఒక మనిషిని వినలేదంటే, వాళ్ళ పక్కన పెట్టె మోగకపోవడమే కాదు, మనం చూడకపోవడం కూడా కారణం. చిన్న చోట మనిషిని చూడండి, హాల్లో పాట వినండి, మైదానంలో జనాన్ని చూడండి. ఒక్క సలహా: ఎంత పెద్ద మైదానమైనా సౌండ్ టేబుల్ ముందే నిలబడండి. ఆ మనిషి తన చెవికి సరిపడేలా సర్దుకుంటాడు కనుక మోత అక్కడే సమంగా ఉంటుంది. జేబులో దూది పెట్టుకోండి.

వీళ్ళని ఇప్పుడు బీచి ఒడ్డున ఇంకా పెద్ద చోటికి పిలిచారు. మీలో ఎవరైనా అక్కడ కచేరీ చూసుంటే చెప్పండి, డ్రమ్ముల దగ్గర నుంచి సౌండ్ టేబుల్ కనబడుతుందా? అక్కడ కుర్చీ మీద ఒక ముసలాయన నిలబడితే చెయ్యి కనబడుతుందా? ఎక్కువ రోజులు లేవు. బేగి జవాబు రాయండి.