పొగ చూసి మంచాలు వేసిన మేనత్త

మొన్న సోమవారం సూర్యాపేట నుంచి వచ్చిన, బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు మిర్యాలగూడలో మా బడి ముందు ఆగింది. డ్రైవరు దిగి, "మీ మేనత్త పోయింది సారూ" అన్నాడు. తువ్వాలతో కళ్ళు తుడుచుకుంటూ, "మా నాయిన పానం నిలవెట్టిన తల్లి" అన్నాడు. పిల్లలను ఇళ్ళకు పంపేసి అదే బస్సెక్కాను.

సూర్యాపేట దవాఖానలో ఆమె ఆయా. అక్షరం ముక్క రాదు. కానీ తెల్లవారగానే వాకిట్లో నిలబడి ఊరి పొయ్యిల పొగ చూసేది. పొగ నిటారుగా లేస్తే నింపాదిగా చాయ తాగేది. పెంకుల మీదే పరుచుకుందంటే, చాయ కూడా తాగకుండా దవాఖానకు పరుగు తీసేది.

"మంచుల పొగ పైకి పోదు బిడ్డా, మనుషుల మీదనే పండుకుంటది. ఇయ్యాల ఆయాసపోళ్ళు వస్తరు" అంటూ మంచాలు వేసి, నీళ్ళు కాచి పెట్టేది. వాళ్ళు వచ్చేవాళ్ళు. మొదట్లో నవ్విన డాక్టరుగారే తర్వాత రోజూ పొద్దున, "అమ్మా, ఇయ్యాల గాలి ఎట్లున్నది?" అని అడిగేవారు. ఎండాకాలంలో అయితే కోదాడ రోడ్డు మీద కంకర కొట్టేవాళ్ళను కేకేసి నీడకు పిలిచేది. "ఎండ గుండెను గుంజుతది, జర కూసోండ్రి" అనేది.

రెండేళ్ళ కింద చలికాలంలో మూడు రోజులు మంచు విడవలేదు. ఊరి అంచున సున్నపు బట్టీ మండుతూనే ఉంది. మూడో రోజు దవాఖానలో ఇద్దరు ముసలివాళ్ళు పోయారు. సెలవులకు వచ్చిన నన్ను వెంటబెట్టుకొని మేనత్త నేరుగా బట్టీ యజమాని ఇంటికి నడిచింది.

"చలికాలం ముసలోళ్ళు పోవుడు కొత్తనా?" అన్నాడాయన.

"కొత్త గాదు పటేలా. గాలి ఆడిన రోజు గింతమంది రారు. మంచాలు ఏసేదాన్ని, నాకెర్క."

లోపలి గదిలో ఆయన తల్లి ఆగకుండా దగ్గుతోంది. మేనత్త గొంతు తగ్గించింది. "గా అమ్మ గూడ గదే పొగ మింగుతున్నది. మంచు ఇడిసినంకనే ముట్టియ్యుర్రి."

మర్నాడు బట్టీలో కొత్తగా కట్టెలు పడలేదు. అప్పటి నుంచి మంచు పట్టినప్పుడల్లా, ముట్టించే ముందు మేనత్తను అడిగి రమ్మని మనిషిని పంపేవాడు. పటేలుకు ఎదురు నిలిచి అడిగిన ఆ ఆయా మా ఇంటి ఆడబిడ్డ అని చెప్పుకోవడం నాకెప్పుడూ గర్వమే.

నేను చేరేసరికి పాడె లేచింది. దాని వెనక ఊళ్ళోని ఆయాసపు ముసలివాళ్ళందరూ కర్రలు పట్టుకొని నడిచారు. నాలుగడుగులకోసారి ఆగేవారు. వాళ్ళు ఆగిన ప్రతిసారీ, ఎవరూ చెప్పకుండానే, పాడె మోసేవాళ్ళూ ఆగారు. వాళ్ళ ఊపిరి కుదుటపడ్డాకే మళ్ళీ అడుగు వేశారు.