కుడిచెవిలో పాడినవాడు

1997 జూన్ నెల. డర్బన్‌లో అప్పుడు చలికాలం. విజయవాడ నుంచి వచ్చి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆడియాలజిస్టుగా చేరి నాకు పది నెలలయింది. ఆడియాలజిస్టు అంటే చెవి డాక్టరు కాదు. చెవికి ఎంత వినిపిస్తోందో కొలిచి, అవసరమైతే వినికిడి యంత్రం అమర్చే మనిషి. ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా అక్కడ అందరికీ నేను డాక్టరమ్మనే. అన్ని జాతులవాళ్ళూ కలిసి ఓటేసిన తొలి ఎన్నికలు జరిగి మూడేళ్ళయింది. ఏ జాతివాళ్ళకి ఆ వార్డు అన్న రోజులు పోయి అందరూ ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు. ఫారాల మీద మాత్రం జాతి రాసే పాత గళ్ళు అలాగే ఉండేవి. వాటిని పెన్నుతో కొట్టేసి వాడుకునేవాళ్ళం.

జోసెఫ్ అప్పలరాజు గారు ఒక ఉత్తరం పట్టుకుని వచ్చాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. ప్రాస్పెక్టన్‌లోని కార్ల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు రేకులు అచ్చొత్తే ప్రెస్‌ షాపులోనూ, తర్వాత ఫోర్క్‌లిఫ్ట్ మీదా పనిచేశాడు. ఫోర్క్‌లిఫ్ట్ అంటే బరువులెత్తి మోసే బండి. ఉత్తరం రాసింది ఫ్యాక్టరీ నర్సు. 'ఇతనికి లేని పాటలు వినిపిస్తున్నాయట. బండి మీద నుంచి దింపేశాం. ఇది చెవి జబ్బో మనసు జబ్బో రెండు వారాల్లో తేల్చి రాయండి.' మనసు జబ్బని రాస్తే ఆయన్ని 'బోర్డ్' చేస్తారు. అంటే అనారోగ్యం పేరుతో ఉద్యోగం నుంచి తీసేస్తారు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సిన తేదీ కూడా అప్పటికే ఇచ్చేశారు.

ఆయన మాట ఇంగ్లీషే. నేను తెలుగుదాన్నని తెలిశాక మాత్రం నాయనమ్మ దగ్గర విన్న తెలుగు ముక్కలు వెతికి వెతికి కలిపేవాడు.

"ఏటమ్మా, నాకు పిచ్చా?"

"ముందు చెవి చూద్దాం అంకుల్," అన్నాను.

శబ్దం చొరబడని చిన్న గదిలో, మేం బూత్ అంటాం, ఆయన్ని కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. 'కూ' మనే చిన్న శబ్దాలు పంపుతాం. వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. అలా గీసిన పటం పేరు ఆడియోగ్రామ్. ప్రెస్‌ షాపుల్లో పనిచేసిన వాళ్ళ పటం దాదాపు ఒకే మాదిరి ఉంటుంది. సన్నటి శబ్దాల దగ్గర గీత గోతిలోకి దిగిపోతుంది. ఆయన పటమూ అంతే, కుడిచెవి మరీ లోతు. అంతవరకూ నాకు తెలిసిందే. కానీ నేను ఏమీ పంపనప్పుడు కూడా ఆయన బటన్ నొక్కుతున్నాడు. ఒకసారి నా చెయ్యి మీటకి దూరంగా ఒళ్ళో ఉంది. అద్దం అవతల ఆయన మూడుసార్లు నొక్కాడు.

తలుపు తీసి అడిగాను. ఆయన సిగ్గుపడ్డాడు.

"సారీ అమ్మా. మధ్యలో పాట వచ్చింది. తాళం తప్పకుండా నొక్కేశాను."

"ఏం పాట?"

"కవర్. అన్నీ కవర్లే వస్తాయి. సొంత పాట ఒక్కటీ రాదు."

నాకు తెలిసిన కవరు ఉత్తరం పెట్టేది, కూరగాయలు తెచ్చేది. రికార్డు మీది అట్ట గురించి చెబుతున్నాడేమో అనుకుని కాగితం మీద 'అట్టలు' అని రాసుకున్నాను. పరీక్షయ్యాక బయట బెంచీ మీంచి లోపలికొచ్చిన ఆయన భార్య రూత్ గారు అది చూసి, ఇదేమిటని అడిగి, నవ్వాపుకోలేకపోయింది. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఒకరు పాడిన పాటని ఇంకొకరు తమ తీరులో మళ్ళీ పాడితే దాన్ని కవర్ అంటారట. డెబ్బైల్లో అమెరికాలో ఒక బ్యాండ్ ఉండేది. వాళ్ళకి పేరు తెచ్చిన పాటల్లో చాలావరకు ఇతరులు రాసినవీ, అంతకుముందే ఎవరో పాడినవేనట. డర్బన్‌కి దక్షిణాన ఉన్న వాళ్ళ సొంతూరు ఉంజింటోలో జోసెఫ్ గారు వయసులో ఉండగా కట్టిన డాన్సు బ్యాండ్ ఆ కవర్లకే మళ్ళీ కవర్లు పాడేది, పెళ్ళిళ్ళలో, చెరకు మిల్లు హాల్లో.

"అవే వస్తున్నాయి," అన్నాడు జోసెఫ్ గారు. "స్తుతి పాట వస్తే సంతోషించేవాణ్ణి. అది రాదు."

నవ్వు పోయి రూత్ గారి ముఖం చిన్నబోయింది. వాళ్ళు పెంతెకోస్తు సంఘంలో చేరి పద్దెనిమిదేళ్ళు. సంఘంలో పెద్దలు రెండుసార్లు ఉపవాసముండి తల మీద చేతులుంచి ప్రార్థించారట. ప్రార్థన జరుగుతున్నంతసేపూ కుడిచెవిలో డాన్సు పాట మోగుతూనే ఉందట. "వదిలిపెట్టిన లోకం వచ్చి పిలుస్తోంది అంటున్నారు పాస్టర్," అంది ఆమె. "నాకు ఎవర్ని నమ్మాలో తెలియట్లేదు, సిస్టర్."

నాకూ తెలియలేదు. మా చెవి విభాగం పెద్దాయన్ని అడిగాను. వినికిడి తగ్గినవాళ్ళలో కొందరికి, బయటి శబ్దం అందక మెదడు తన దగ్గరున్న పాటలు తనే వాయించుకుంటుందని చదివానన్నాడు. "నేను మాత్రం ఒక్కరినీ చూడలేదు. ఎనభై దాటిన వాళ్ళకి వస్తుందంటారు. ఇతనికి యాభై నాలుగేగా?" అని భుజాలెగరేశాడు. పుస్తకం ఒక మాట, వయసు ఒక మాట చెబుతున్నాయి. ఇటు రెండు వారాల్లో నాలుగు రోజులు అయిపోయాయి.

ఓవర్‌పోర్ట్‌లో పాత క్యాసెట్లమ్మే కొట్టులో ఆ అమెరికన్ బ్యాండ్ క్యాసెట్ దొరికింది. వినికిడి కొలిచే యంత్రం, ఆడియోమీటర్, వెనక టేప్‌రికార్డర్ తగిలించే సాకెట్ ఉంటుంది. రికార్డు చేసిన మాటలు వినిపించి పరీక్ష చేయడానికి వాడతాం. దానికి క్యాసెట్ తగిలించి, ఆయన చెవికి అందేంత పెంచి వినిపించాను. అసలు పాట వింటే చెవిలోని పాట ఆగుతుందేమో చూద్దామని నా ఆలోచన. ఆగితే అది చెవి జబ్బనడానికి కొంత బలం.

రెండు పాటలు విని హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"లోపలి పాట ఆగిందా?"

"ఆగింది. కానీ ఇది కాదు."

"ఈ పాటలు కావా?"

"పాటలు ఇవే. గొంతు ఇది కాదు. పాడేది అమెరికావాడు కాదు." హెడ్‌ఫోన్లు నా చేతికిచ్చాడు. "రామదాస్. నా తమ్ముడు."

అంతవరకూ ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే, ఎవరూ అడగలేదన్నాడు. నేను గొంతు తగ్గించి, "ఎప్పుడు పోయారు?" అన్నాను.

"ఎక్కడికి పోతాడు? ఉంజింటో మిల్లులో ఫిట్టరు."

మిగతాది రూత్ గారు చెప్పింది. బాప్తిస్మం తీసుకున్న నెలలో జోసెఫ్ గారు ఇంట్లోని రికార్డులన్నీ పెరట్లో పోసి కాల్చేశాడు. వాటిలో సగం తమ్ముడివి. రామదాస్ సంఘంలో చేరలేదు. పెరట్లో నిలబడి అంతా చూసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అన్నదమ్ములు తల్లి అంత్యక్రియల్లో తప్ప కలవలేదు.

నా బుర్ర మరీ గందరగోళమైంది. బతికున్న తమ్ముడి గొంతు వినిపిస్తోందంటే అది పశ్చాత్తాపమా? అయితే మానసిక వైద్యుడి దగ్గరికే పంపాలా? చెవి పటం ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతున్నాడు. ఏదో ఒకటి రాసి పంపించేద్దామని ఉత్తరం మొదలుపెట్టి రెండుసార్లు చించేశాను. చివరికి రూత్ గారికి ఫోన్ చేసి, ఆ గొంతు నేనూ వినాలి, తమ్ముణ్ణి పిలవగలరా అని అడిగాను. వస్తాడో రాడో అంది.

వచ్చాడు. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి, గోళ్ళలో మిల్లు నూనె. అన్నకి చెయ్యివ్వలేదు. జేబులోంచి క్యాసెట్ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"కాలకుండా మిగిలింది ఇదొక్కటే," అన్నాడు. "మిల్లు హాల్లో తీసింది. నా పనిముట్ల పెట్టెలో ఉండిపోయింది."

జోసెఫ్ గారిని బూత్‌లో కూర్చోబెట్టి క్యాసెట్ పెట్టాను. బయట చిన్న స్పీకరు ఉంటుంది, లోపల వినిపించేదే మేమూ వింటాం. బరబర శబ్దం, జనం ఈలలు, గిటారు, డ్రమ్ము. తర్వాత ఒక కుర్రాడి గొంతు. పల్చగా, పై స్థాయిలో కొద్దిగా వణుకుతూ, ఇంగ్లీషు మాటల చివర్లు మింగేస్తూ పాడుతోంది. అద్దం అవతల జోసెఫ్ గారు నిటారుగా లేచి కూర్చున్నాడు. పాట సగంలో తలుపు తోసుకుని బయటికొచ్చాడు. హెడ్‌ఫోను తీగ వెంట లాక్కొచ్చాడు.

"ఇదే! ఇదే అమ్మా. వీడే." తమ్ముడి వైపు చెయ్యి చూపించాడు. "నీ గొంతే రా. మూడు నెలల్నించి నన్ను వదలట్లేదు."

రామదాస్ అన్న ముఖం వైపూ స్పీకరు వైపూ మార్చి మార్చి చూశాడు.

"అన్నా, ఏటి మాట్లాడతావు? నాను డ్రమ్ము కొట్టినాను. ఎనక 'ఊ' అన్నాను, అంతే. పాడింది నువ్వు."

"నేనా? నో మాన్. నా గొంతు ఇలా ఉండదు."

"నువ్వే. ఆదివారం ఆదివారం నువ్వే పాడేవాడివి. నాకు పాటెక్కడ వచ్చు?"

జోసెఫ్ గారు నా వైపు చూశాడు, నేనేదో తీర్పు చెబుతానన్నట్టు. అప్పుడు రూత్ గారు లేచి స్పీకరు దగ్గరికి వచ్చింది. తల వంచి చివరిదాకా విన్నది. కళ్ళు తుడుచుకుంటూ అంది, "జో, ఇది నీ గొంతే. హాల్లో మూడో వరసలో కూర్చుని విన్నదాన్ని, నాకు తెలియదా?"

ఆయన హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టేశాడు. "మరి నాకెందుకు తెలియలేదు?"

నాకు తెలిసినంత చెప్పాను. మన గొంతు మనకి గాలిలోంచే కాక పుర్రె ఎముకలోంచి కూడా చేరుతుంది. దీన్ని బోన్ కండక్షన్ అంటాం. అందుకే టేపులో మన గొంతు పరాయివాళ్ళదిలా ఉంటుంది. కానీ టేపులో గొంతు పోల్చుకోకపోవడం ఒకటి, చెవిలో మోగే గొంతుని తమ్ముడిదనుకోవడం ఒకటి. రెండోదానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ సంగతీ చెప్పాను.

కాసేపటికి జోసెఫ్ గారు తమ్ముడితో, "నీవి కాల్చకుండా ఉండాల్సింది," అన్నాడు. రామదాస్ మిల్లులో షిఫ్టుందని లేచాడు. క్యాసెట్ మాత్రం తీసుకెళ్ళలేదు. నేను గుర్తు చేస్తే, "ఉండనీ, అన్న పాటే కదా," అని వెళ్ళిపోయాడు.

ఉత్తరం గడువు లోపలే రాశాను. ఫ్యాక్టరీ శబ్దం వల్ల రెండు చెవులూ దెబ్బతిన్నాయని, పాటలు అందువల్లే వస్తూ ఉండొచ్చని, బయటి సంగీతం పెడితే ఆగడం నేను చూశానని, మాటలో ప్రవర్తనలో మనసు జబ్బు ఛాయలేవీ నాకు కనిపించలేదని, పూర్తిగా వివరించడం మాత్రం నా వల్ల కాదని. మానసిక వైద్యుడు కూడా ఆయనతో గంటసేపు మాట్లాడి మందులు అక్కర్లేదన్నాడు. ఉద్యోగం నిలిచింది గానీ ఫోర్క్‌లిఫ్ట్ తిరిగివ్వలేదు, స్టోర్సులో వేశారు. హెచ్చరిక కూతలు వినలేని మనిషికి ఆ బండి వద్దని నేనే రాశాను. దానికి ఆయన నా మీద చాలాకాలం అలిగాడు.

వినికిడి యంత్రాలు పెట్టాక పాటలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. యంత్రం తీసి పక్కన పెట్టినప్పుడు వస్తాయన్నాడు. పాస్టర్ గారికి ఏం చెప్పారని అడిగాను. "పాడేది నేనేనని చెప్పాను. అయితే నిన్ను నువ్వే స్తుతి పాట పాడమని అడుగు అన్నాడు." నవ్వాడు. చెవిలో పాడే ఆ కుర్రాడు మాట వినడం లేదట.

ఆ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. అంతవరకూ వెంట వచ్చినవాళ్ళని బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపు వేసేదాన్ని. ఏం వినిపిస్తోందో రోగికి తెలుసు, ఎంత వినిపిస్తోందో నాకు తెలుసు, మూడో మనిషితో పనేమిటనుకునేదాన్ని. జోసెఫ్ గారి విషయంలో మా ఇద్దరికీ తెలియలేదు. తెలిసినవాళ్ళు బయట బెంచీ మీదా, ఉంజింటోలోనూ ఉన్నారు. ఇప్పుడు భార్యో తమ్ముడో పక్కింటివాళ్ళో, ఎవరొచ్చినా లోపలికి పిలిచి స్పీకరు పక్కన కుర్చీ వేస్తాను.