గుర్రప్పందేల దొర

పొద్దున ఖమ్మం నుంచి చెల్లి ఫోన్లో ఒక ఫొటో పంపింది. వాళ్ల టేబుల్ మీద పింగాణీ జగ్గు. మామూలు జగ్గు కాదు, గుర్రప్పందేల్లో స్వారీ చేసే మనిషి ముఖం. ఎర్రటి బుగ్గలు, పసుపు చారల టోపీ, పిడి ఉండాల్సిన చోట గుర్రం తల. దాని అల్లుడు హైదరాబాదులో పాత సామాన్ల దుకాణంలో చూసి తెచ్చాడట. యాభై దాటిన దాన్ని, షుగరు మాత్ర వేసుకుని కూర్చున్న దాన్ని, నాకు కడుపు మండింది.

అచ్చం ఇలాంటిదే సారపాకలో మమ్మల్ని పెంచిన మేనత్త ఇంట్లో ఉండేది. అత్త కాగితం మిల్లు ఆఫీసరు బంగళాలో వంట చేసేది. ఆయన బదిలీ మీద పోతూ ఇచ్చి వెళ్లాడు. ఆ ముఖాన్ని మేం దొర అనేవాళ్లం. ఆదివారం చర్చి విడిచాక ఇంటికొచ్చిన చుట్టాలకు అందులోంచే మంచినీళ్లు పోయాలి. పోసే భాగ్యం మాత్రం చెల్లిదే. "నీ చేతులు ఆగవే, పలగ్గొడతవ్" అని అత్త నన్ను గ్లాసులు కడగడానికి తోలేది. చెల్లి గుర్రం మెడ పట్టుకుని వంచుతుంటే అందరూ ముచ్చటపడేవాళ్లు. దొర కూడా దాన్ని చూసే నవ్వుతున్నట్టుండేది. నేను కుళ్లుకుని చచ్చేదాన్ని.

కోత పండుగ వచ్చింది. ఆ రోజు చర్చిలో ఎవరికి కలిగింది వాళ్లు బల్ల ముందు పెడతారు, గుమ్మడికాయలు, కోళ్లు, వెదురు బుట్టల్లో చింతపండు. ఆరాధన అయ్యాక వేలం పాడతారు. ఒకసారి పెట్టింది దేవుడిది, వెనక్కి తీసుకోకూడదు. నేను అందరికంటే ముందు పోయి, తువ్వాలలో చుట్టి తెచ్చిన దొరను గుమ్మడికాయల మధ్య కూర్చోబెట్టాను. నాకు దక్కనిది చెల్లికీ దక్కకూడదు. అంతే నా భక్తి.

అత్త చూసింది. ముఖం పాలిపోయింది. నేను బుట్టల వెనక్కి జరిగాను. ఆమె మాత్రం చెల్లిని దగ్గరకు లాక్కుని, కళ్లు తుడుచుకుంటూ, "తనకు పాణమైందే దేవునికిచ్చింది నా బంగారం" అంది. అయ్యగారు ప్రార్థనలో చెల్లి పేరెత్తి మరీ దీవించారు. అది తల వంచుకుంది గానీ కాదనలేదు. నేనే పెట్టానంటే దొంగనవుతాను, ఊరుకుంటే అది భక్తురాలవుతుంది. ఊరుకున్నాను. దొరను కల్లూరు నుంచి వచ్చిన ఎవరో పాడుకుని పట్టుకుపోయారు.

ఇన్నేళ్ల మంట ఆపుకోలేక ఇందాక చెల్లికి ఫోన్ చేశాను. "ఆ రోజు జగ్గు పెట్టింది నువ్వు గాదు గద. మెప్పెట్ల తీస్కున్నవే?"

"నువ్వే పెట్టినవని నాకెర్కే అక్కా. చెప్తే అత్త నిన్ను కొడతదని ఊకున్న. ఆదివారం రా, ఈసారి నీళ్లు నువ్వే పొయ్యి."

చూశారా, మెప్పూ దానిదే, మంచితనమూ దానిదే. వెళ్తాను, నీళ్లూ పోస్తాను. అత్త పోయింది, ఆ చర్చి పడగొట్టి కొత్తది కట్టారు, మా ఇద్దరి జుట్టూ నెరిసింది. నా అసూయ ఒక్కదానికే ఇన్నేళ్లుగా ముసలితనం రాలేదు.