పొయ్యి పైన పన్నెండు రోజులు

గోరీ దేన్నైనా భద్రంగా దాచాలనుకుంటే పొయ్యి పైన వేలాడదీస్తుంది. కంది విత్తనాలు సొరకాయ బుర్రలో పోసి, మూతికి బూడిద కూరి, పొగ తగిలేలా దూలానికి కడుతుంది. ఎండు మిరపకాయలు అక్కడే, పట్టా పాసుబుక్కు అక్కడే. ఒకసారి కొడుకు పెళ్లి ఫోటోలు కూడా అక్కడికే ఎక్కాయి. వాటిలో పెళ్లికొడుకు హరిలాల్ మొహం ఎవరిదో ఇప్పటికీ పోల్చుకోలేం. అయినా గోరీ నమ్మకం చెక్కుచెదరలేదు. పొగలో ఉన్నదానికి పురుగు పట్టదు, అంతే.

అందుకే మే నెలాఖరున హిమజ మేడం చేతికిచ్చిన నల్లపొడి ప్యాకెట్టు కూడా నేరుగా దూలానికి వెళ్లింది.

హిమజ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసే పిల్ల. కిందటేడు నడి ఎండల్లో దేవరుప్పుల దాటి ఈ తండాకు వచ్చి, గోరీ చేను గట్టు మీద ఒక కంది చెట్టును చూసి ఆగిపోయింది. చుట్టూ గడ్డి కూడా మాడిపోయింది, అదొక్కటి పచ్చగా నిలబడి ఉంది. దాని వేళ్ల దగ్గరి మట్టిని సంచిలో నింపుకుంది.

"గీ మట్టిల కంటికి కనవడని జీవులుంటయ్ అవ్వా. వేరును పట్టుకొని చెట్టుకు బువ్వ పెడ్తయ్. అండ్ల కొన్ని ఎండకు, కరువుకు తట్టుకుంటయ్. గవి దొరుకుతయేమో చూస్తం," అని వెళ్లి, ఏడాది తిరిగేసరికి ప్యాకెట్టుతో వచ్చింది. "గివి మీ మట్టివే. మా దగ్గర పెంచి తెచ్చిన. ఒక ఎకరం గింజకు పట్టించు, ఇంకో ఎకరంల వట్టి గింజ వెయ్యి. తేడా చూద్దాం."

మీ మట్టివే అన్న మాట గోరీకి నచ్చింది. ఆ మట్టి ఆమెకు ఊరికే రాలేదు. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి పెళ్లై వచ్చినప్పుడు అది చేను కాదు, రాళ్ల దిబ్బ. మొగుడు రోడ్డు పనికి పోతే ఆమె రాళ్లు ఏరింది. ఏరిన రాళ్లతోనే గట్టు పోసింది. అత్త చేతిలో పెట్టిన కంది విత్తనాన్ని ఒక్క ఏడు కూడా తప్పకుండా వేస్తూ వచ్చింది. మొగుడు పోయిన ఏడు కూడా దినాలు కాగానే చేనులోకి దిగింది. దిగొద్దన్న చుట్టాలను గుర్తుపెట్టుకొని, ఆ ఏడు వాళ్లకు పిడికెడు కందులు కూడా పంపలేదు.

కిందటేడు కాపు తక్కువ. బుర్రలో ఉన్న విత్తనం ఈసారి రెండెకరాలకు బొటాబొటిగా సరిపోయింది. మళ్లీ దాచడానికి గుప్పెడు కూడా మిగలలేదు. ఈ పంట చేతికి రాకపోతే అత్త ఇచ్చిన కంది ఇక లేనట్టే.

మృగశిర వాన పడ్డ మర్నాడు గోరీ బెల్లం నీళ్లు కలిపి, ప్యాకెట్టు దించి విప్పింది. పక్కన మనవరాలు పూజ కూర్చుంది. పూజ పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పింది కాని, కంటికి కనిపించిన అక్షరాన్ని చదవకుండా వదలదు.

"దాదీ, గీ ప్యాకెట్ మీద ఏం రాసిండ్రో తెలుసా? చల్లని చోట, నీడలో ఉంచాలి. వేడి తగిలితే జీవులు చనిపోతాయి."

బెల్లం నీళ్లలో గోరీ చెయ్యి ఆగిపోయింది.

"ఎన్నొద్దులు పొయ్యి మీద ఉంది? పన్నెండు. పూటకు పది రొట్టెలు, రోజుకు ఇరవై. రెండువందల నలభై రొట్టెల సెగ తాకింది దాదీ! నన్నెట్ల ఫెయిల్ చేసిండ్రో లెక్కలల్ల!"

"నోరు మూయ్."

"మూస్త. పాలకుర్తి అంగట్ల మిర్చి బజ్జీలు తినిపిస్తవా?"

గోరీ ఒప్పుకుంది. వేరే దారి లేదు. పొడి కలిపి గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి, పొద్దెక్కకముందే ఒక ఎకరంలో వేసింది. రెండో ఎకరంలో వట్టి గింజలు వేసింది. సాలు సాలుకూ ఒకటే ఆలోచన. తన మట్టిలోని జీవులను తన చేత్తోనే కాల్చి, పీనుగులను గింజలకు పూసి పాతిపెడుతున్నానా?

మొలకలైతే వచ్చాయి. వాన మాత్రం మొహం చాటేసింది. ఆకాశం తోమి బోర్లించిన సత్తుగిన్నెలా తెల్లగా మెరుస్తోంది. భూపాలపల్లి వైపు మొగుళ్లపల్లిలో ఉన్న బిడ్డ గీత రోజూ ఫోన్ చేస్తుంది.

"మా దిక్కు నిన్న దంచికొట్టింది యాడీ. మీ దిక్కు?"

"మబ్బు పట్టింది బేటీ," అని గోరీ అబద్ధమాడుతుంది. వాన విషయంలో బిడ్డ దగ్గర కూడా చిన్నబోవడం ఆమెకు ఇష్టముండదు.

హరిలాల్ గడువు పెట్టాడు. "జులై పదో తారీఖు దాక చూస్త యాడీ. గిట్లనే ఉంటే దున్ని తయారుగ పెడ్త. వాన పడంగనే పత్తి వేస్త. ఇరవై దాటితే పత్తి గూడ కాదు."

ప్యాకెట్టు ఇచ్చి వెళ్తూ హిమజ ఒక గుర్తు చెప్పింది. నెల దగ్గర పడేసరికి కంది వేళ్లకు ఆవగింజల్లాంటి బుడిపెలు వస్తాయి. గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉండాలి. ఉంటే జీవులు బతికి పనిచేస్తున్నట్టు, పచ్చగా ఉంటే పని జరగనట్టు.

నెల దాకా ఆగడం గోరీ వల్ల కాలేదు. పదిహేనో రోజున పొడి పట్టించిన ఎకరంలో ఒక మొక్కను పట్టి గుంజింది. వేరు బోసిగా వచ్చింది. పీకిన మొక్కను అదే బొక్కలో దూర్చి, చుట్టూ మట్టి నొక్కింది. అది బతుకుతుందని కాదు, కొడుకు కంట పడకూడదని. మర్నాడు ఇంకోటి గుంజింది. ఆ మర్నాడు రెండు. దినదినానికి నేల గట్టిపడుతోంది, గోరీ గుంజుడు కూడా గట్టిపడుతోంది. ఒక్క వేరుకైనా బుడిపె లేదు.

తొమ్మిదో తారీఖు హరిలాల్ చేనంతా తిరిగి వచ్చాడు.

"వట్టి గింజ ఎకరం జర నయముంది. పొడి పట్టించిన ఎకరంలనే మొక్కలు నిలువున ఎండినయ్. గా పొడే వేళ్లను తిన్నట్టుంది. రేపు ట్రాక్టర్ చెప్పిన."

ఆ ఎండిన మొక్కల్లో ప్రతి ఒక్కటీ గోరీ చేతి చలవే. కొడుకు ఇంట్లోకి వెళ్లగానే పూజను పిలిచింది.

"గా మేడంకు ఫోన్ కొట్టు. పొద్దుగాలే రమ్మను."

"ఏమైందని అడిగితే?"

"రమ్మనుమంటున్న గదా!"

పొద్దున మేడం కంటే ముందు ట్రాక్టరే వచ్చింది. గోరీ వెళ్లి మొదటి సాలులో చతికిలబడింది.

"లే యాడీ. ఎండినదాన్ని చూసుకుంట ఎన్నొద్దులు కూసుంటవ్?"

"గవి ఎండలేదు. నేనే పీకిన."

"ఏంది?"

"పీకి, మళ్ల బొక్కల పెట్టిన."

హరిలాల్ ట్రాక్టరు వైపు చూశాడు, మొక్కల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. "ఎన్ని?"

"ఇరవై ఉంటయ్."

"నలభై మూడు," అంది పూజ గట్టు మీద నుంచి.

"ఎందుకు పీకినవ్ యాడీ?"

"బతికున్నయా, సచ్చినయా అని."

అప్పుడే హిమజ స్కూటీ దిగింది. గోరీ ఆమె చెయ్యి పట్టుకుంది. కొడుకుతో చెప్పిన దానికన్నా ఇది కష్టమైన మాట. "బిడ్డా, నీ ప్యాకెట్ పొయ్యి మీద వేలాడేసిన. పన్నెండొద్దులు. నాకు ఎరుకలేక."

హిమజ ఎండిన మొక్క ఒకటి తీసి బోసి వేరును చూసింది. "చేత్తోని గుంజినవా? నేల గింత గట్టిగుంటే బుడిపెలు తెగి మట్టిలనే ఉండిపోతయ్ అవ్వా. తవ్వాలె. గడ్డపార తే. బకెట్ల నీళ్లు తే."

ఏ మొక్కను తవ్వాలో గోరీనే చూపింది. చూపి కళ్లు మూసుకుంది. హరిలాల్ చుట్టూ తవ్వి, మట్టి పెళ్లతో సహా పైకి తీశాడు. హిమజ దాన్ని బకెట్లో మెల్లగా దించింది. నీళ్లు ఎర్రబడ్డాయి. మట్టి కొద్దికొద్దిగా కరుగుతోంది. ట్రాక్టరు డ్రైవరు కూడా ఇంజన్ ఆపి దిగి వచ్చాడు. వేరు బయటపడింది. దాన్ని అంటుకొని నాలుగు, ఐదు, ఏడు బుడిపెలు కనిపించాయి.

"చిదుము," అంది హిమజ.

గోరీ బొటనవేలు ఆనించి నొక్కింది. గోటి కింద బుడిపె పగిలింది. లోపల ఎరుపు.

రెండో ఎకరంలో తవ్విన మొక్కకు రెండే ఉన్నాయి. చిదిమితే ఆకుపచ్చగా ఉన్నాయి. హిమజ అప్పుడే సంబరపడలేదు. "రెండు మొక్కలతోని ఏం చెప్పలేం. సెగకు ఎన్ని సచ్చినయో, ఎన్ని తట్టుకున్నయో పరీక్ష చెయ్యాలె. ప్యాకెట్ల పొడి మిగిలిందా?"

"అడుగున జరంత ఉంది."

"ఎక్కడ పెట్టినవ్?"

గోరీ బకెట్టు అందుకొని అటు తిరిగింది.

"మళ్ల పొయ్యి మీదనే ఉంది మేడం," అంది పూజ.

డ్రైవరు పగలబడి నవ్వాడు. హరిలాల్ నవ్వకుండా ఉండాలని చూశాడు కాని మీసం ఆగలేదు. ట్రాక్టరును వెనక్కి పంపించేశాడు. "పది రోజులు చూస్త యాడీ. వాన రాకుంటే ఎర్రగున్నా, పచ్చగున్నా..." అని మిగతాది మింగేశాడు. ఆ మిగతాది గోరీకి తెలుసు.

ఆమె తవ్విన మొక్కను తెచ్చి మళ్లీ అదే గుంతలో నిలబెట్టింది.

"గది గూడ సచ్చిపోతది," అన్నాడు హరిలాల్.

"దీనికి నీళ్లున్నయ్," అంటూ గోరీ బకెట్లోని ఎర్ర బురదనీళ్లు చుక్క మిగలకుండా వేరు మీద వంచింది. మట్టి వాటిని ఒక్క గుక్కలో తాగేసింది. గోరీ తలెత్తి గీత ఉన్న మొగుళ్లపల్లి వైపు చూసింది. అక్కడ ఉన్న ఒక్క మబ్బు అక్కడే ఉంది.