ఆవని కొండమీద గుక్కెడు నీళ్ళు

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆవని కొండమీద సీతమ్మ గుడి వరసలో నిలబడి నేను మొక్కుకున్నది ఆరోగ్యం కోసం కాదు, గుక్కెడు నీళ్ళ కోసం.

జబ్బు అంతకు ముందు ఏడాది మొదలైంది. ఆండర్సన్‌పేటలోని మా బట్టలకొట్టులో చీరలు మడతపెడుతుంటే ఎడమచెయ్యి నా మాట వినలేదు. కళ్ళు తెరిచేసరికి నేలమీద ఉన్నాను. పిడికిట్లో కొట్టు తాళాలగుత్తి. ఇనుము పట్టిస్తే ఫిట్స్ ఆగుతాయని పక్క కొట్టాయన పెట్టాడట. బెంగుళూరులో ఇ.ఇ.జి., స్కాన్ తీశారు. "ఎపిలెప్సీ. కంట్రోల్ అవుతుంది. ఒక్క డోస్ కూడా మిస్ కాకూడదు," అన్నారు డాక్టరమ్మ. ఏడాదిపాటు ఫిట్స్ రాకపోతే బంగారుపేట నుంచి రైల్లో కాలేజీకి పంపుతానన్నాడు నాన్న. ఆ మాట కోసమే రెండుపూటలా మాత్ర మింగాను.

గడువు దగ్గరపడుతుండగా అవ్వ నా పేరిట పెట్టుకున్న మొక్కు గుర్తుచేసింది. మా ఇంట్లో ఆవని మొక్కంటే ముందురోజు పొద్దుగూకినప్పటి నుంచి దర్శనం అయ్యేదాకా నోట్లో చుక్క పడకూడదు.

"మాత్రో అవ్వా?" అన్నాను.

"మాత్రకు నీళ్ళు కావల్లా వద్దా? నీళ్ళు తాగితే మొక్కు చెడిపోతాది. ఒగ పూటకేమీ కాదులేమ్మా."

నాన్న తన చెప్పుల వైపు చూశాడు. నేను చేతిలోని మాత్రను మళ్ళీ డబ్బాలో వేసేశాను.

సీతమ్మ లవకుశుల్ని కన్నది ఈ కొండమీదేనంటారు. బిడ్డలు లేనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కాలే బండమీద నిలబడి, పురిటి మనిషికి ఇక్కడ ఎవరో ఒకరు నీళ్ళు ఇచ్చే ఉంటారు కదా అనుకున్నాను. తర్వాత చెయ్యి వణకడం తెలిసింది, అంతే.

మెలకువ వచ్చేసరికి నుదుటినిండా కుంకుమ. ఎవరో ఒకామె నా పాదాలు పట్టుకుని ఉంది. "తల్లీ, మా కోడలికి యెప్పుడు కడుపు పండుతాది? చెప్పు తల్లీ."

"నీళ్ళు," అన్నాను.

"అమ్మవారు నీళ్ళు అడగతా ఉండాది, తెండప్పా."

బిందెడు వచ్చాయి. మనవరాలికి దొరకనివి అమ్మవారికి దొరికాయి. అవ్వ కూడా దండం పెడుతూ నిలబడింది. నా పెదవి చిట్లి రక్తం కారుతున్న సంగతి ఎవరూ చూడలేదు.

"ఉపవాసం మనిషికి, డోస్‌కి కాదు," అని డాక్టరమ్మ నాన్నను కోప్పడ్డారు. నాన్న పెట్టిన గడువు మళ్ళీ మొదటికొచ్చింది, కాలేజీ ఇంకో ఏడాది వెనక్కి పోయింది. ఆ కోపం నాలో ఇంకా ఆరలేదు. మా వీధిలో కొందరు ఇప్పటికీ నన్ను చూస్తే చేతులు జోడిస్తారు. అది మరీ చిరాకు.

ఇప్పుడు ఫిట్స్ లేవు. రోజూ రైల్లో వెళ్ళి చదువుకుంటున్నాను. నాలాంటివాళ్ళకు చెప్పేది ఒకటే. మొక్కుకైనా సరే, మాత్ర మానకండి. ఆ మాట అనడానికి మీకు నోరు రాకపోతే, ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకెళ్ళి డాక్టరు చేతనే చెప్పించండి. నేను అవ్వను అలాగే తీసుకెళ్ళాను.

మొన్న మళ్ళీ ఆవని వెళ్ళాం. కొండ కింద అవ్వ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పింది. మొహం మాత్రం అటు పెట్టుకుంది.

"నిన్ను బాగుచేసినాది సీతమ్మే, ఆ డాక్టరమ్మ కాదు. ఇంద, మింగి ఎక్కు."